పిట్టల పట్టికలో ఖాళీ గడి

ఏదైనా ప్రాంతంలో కనబడే పిట్టల పేర్ల పట్టిక చేతిలో పడగానే చాలామంది ముందు చూసేది చివరి నంబరు. 300 దాటితే ఘనమైన పట్టిక, 180 దగ్గర ఆగితే మొక్కుబడి పని. నా లెక్క దీనికి తలకిందులు. వరంగల్ చుట్టుపక్కల తెల్లవారుజామున బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువు కట్ట ఎక్కే మనిషికి పొడుగాటి పట్టిక వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ పొద్దు కనబడినవే కాక, కనబడనివి కూడా లెక్కలోకి వచ్చే పట్టిక కావాలి. టిక్కు ఎవరైనా పెడతారు. ఖాళీగా వదిలిన గడికి అర్థం ఉండేలా చేయడంలోనే పట్టిక తయారుచేసే వాళ్ల పనితనం బయటపడుతుంది.

ఖాళీ గడికి మూడు అర్థాలు ఉండొచ్చు. ఆ పిట్ట అక్కడ లేదు. ఉంది గానీ కంట పడలేదు. కంట పడింది గానీ రాయలేదు, లేదా పోల్చుకోలేదు. మూడూ ఒకే ఖాళీలో కలిసిపోతే ఆ కాగితం జ్ఞాపకంగా దాచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. చూసిన పిట్టల లెక్కలు పోగుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పట్టిక పంపేటప్పుడు, గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా అని అడిగేది ఇందుకే. అవునంటే, రాయనివన్నీ కనబడనివని అర్థం. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. కాకి, గోరింక, పావురం లాంటివి ‘అవి ఎప్పుడూ ఉండేవే కదా’ అని వదిలేసి, అరుదైనవి నాలుగు రాసి, అన్నీ రాశామని నొక్కేస్తారు. ఆ పట్టిక ప్రకారం ఆ పొద్దు ఊళ్లో కాకి లేదు. పిచ్చుక తగ్గిందా పెరిగిందా అని పదేళ్ల తరవాత ఎవరైనా లెక్క తీస్తే, ఇలాంటి పట్టికలే దారి తప్పిస్తాయి.

రెండో అర్థం, అంటే ఉండీ కంట పడకపోవడం, పూర్తిగా పోదు. కానీ దాన్ని కొలవొచ్చు. గణాంకాల వాళ్లకు దీనికో చిట్కా ఉంది. ఒకే కాలంలో, ఒకే చోటికి 30 సార్లు వెళ్లి, ప్రతిసారీ పూర్తి పట్టిక రాసి, ఒక్కసారి కూడా ఒక పిట్ట కనబడలేదనుకోండి. 3ను 30తో భాగిస్తే 0.1. అంటే ఆ పిట్ట ఒక్కో రాకలో కనబడే అవకాశం 10 శాతానికి మించదని 95 శాతం నమ్మకంతో అనొచ్చు. 10 సార్లే వెళ్తే అదే లెక్క 30 శాతం దాకా పోతుంది. ‘మా చెరువులో సూదితోక బాతు రావట్లేదు’ అనే మాట రెండు మూడు రాకల మీద ఎందుకు అనకూడదో ఇక్కడ తెలుస్తుంది.

ఇక ప్రాంతం అంటే ఏది? జిల్లా అని టకీమని చెప్పేస్తారు. ఏ జిల్లా? 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ ముక్కలైంది. అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ‘వరంగల్ జిల్లా’ అని 2010లో రాసిన పట్టికలో రామప్ప, లక్నవరం, ఏటూరునాగారం అన్నీ ఉంటాయి. అదే పేరుతో ఇవాళ రాసిన పట్టికలో పాకాల ఉంటుంది గానీ ఆ మూడూ ఉండవు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘వరంగల్‌లో ఇన్ని జాతులు తగ్గాయి’ అనే మహానుభావులు ఉంటారు. తగ్గింది పిట్టలు కాదు, మండలాలు.

కాబట్టి పట్టికకు హద్దు నేలను బట్టి గీయాలి. ఉత్తర తెలంగాణలో ఈ మూలకు కనీసం మూడు నేలలు ఉన్నాయి. జనగామ, హనుమకొండ వైపు గుట్టలూ బండలూ చెలకలూ, మధ్యలో గొలుసుకట్టు చెరువులూ ఉన్న మెట్ట. నర్సంపేట దాటాక పాకాల నుంచి తాడ్వాయి దాకా టేకు, నల్లమద్ది, ఇప్ప, వెదురు ఉన్న అడవి. దాని అవతల గోదావరి, ఇసుక మేటలు. మెట్టలో తిరిగే మనిషి చేతిలో గోదావరి ఇసుక మీద గుడ్లు పెట్టే స్మాల్ ప్రాటిన్‌కోల్ గడి ఉంటే అది ఎప్పటికీ ఖాళీయే, ఆ ఖాళీకి విలువా లేదు. మూడు నేలలకు మూడు కాగితాలు వేయడం ఖర్చే. అయినా ఒకే లావుపాటి పట్టిక కన్నా అదే నయం. నది దగ్గర ఇంకో చిక్కు. కాళేశ్వరం దగ్గర అవతలి ఒడ్డు మహారాష్ట్ర సిరొంచ. మధ్య ఇసుక మీద కూర్చున్న పిట్ట ఏ రాష్ట్రంది? గోదావరి కాగితంలో రెండు ఒడ్లనూ కలిపేయండి, మనం నిలబడిన ఒడ్డు పేరు మాత్రం రాయండి. పిట్టకు ఓటరు కార్డు లేదు.

నేలను గుర్తించడానికి మన మాటలే వాడాలని నా పట్టుదల. ‘చిత్తడి నేల’ అని అచ్చేస్తే చదివేవాళ్లకు ఏమీ తోచదు. మత్తడి, శిఖం, తూము కింద పొలం, చెలక, గుట్ట, వాగు ఇసుక అంటే ఎక్కడ చూడాలో కళ్ల ముందు కనబడుతుంది. పైగా ఈ మాటల్లో పిట్టల సంగతి ఇమిడి ఉంది. చెరువు నిండి మత్తడి దూకుతున్నప్పుడు ఉల్లంకులకు, అంటే బురదలో మేసే పిట్టలకు, నిలబడే చోటే ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు దిగి శిఖం తేలితే అదే చెరువు అంచున బురదలో అవి వరస కడతాయి. అందుకే తేదీ, మొదలుపెట్టిన టైము, ఎన్ని నిమిషాలు, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది అనే గడుల పక్కన నీటిమట్టానికి మూడు గడులు తప్పకుండా ఉండాలి: మత్తడి పోస్తోంది, సగం ఉంది, శిఖం తేలింది. మామూలు యాప్‌లలో ఇది విడిగా అడగరు. మన చెరువులకు ఇది లేకుండా మిగతా లెక్క అర్థం కాదు. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో అంచులు లోతై, ఏటవాలు పోయిన చోట్ల ఉల్లంకులు తగ్గితే కారణం వెతకడానికి కూడా ఈ గడే ఆధారం.

ఇప్పుడు కాగితం. ఏ4 షీటును అడ్డంగా పెట్టి మూడు మడతలు వేస్తే ఒక్కో పలక 99 మిల్లీమీటర్ల వెడల్పు. అంచులకు అటూ ఇటూ 6 వదిలితే 87 మిగులుతుంది. అందులో వరస నంబరూ టిక్కు గడీ కలిపి 12, పేరుకు 45, పన్నెండు నెలల పట్టీకి నెలకు 2 చొప్పున 24, నేల గుర్తుకు 6. నిలువున 210లో 194 వాడుకోవచ్చు. వరసకు 4.8 మిల్లీమీటర్లు ఇస్తే పలకకు 40 వరసలు. రెండు వైపులా కలిపి ఆరు పలకలు, ఒకటి తలకట్టుకూ సూచనలకూ పోతే 200 వరసలు. గుంపుల శీర్షికలకూ, ఏ జాతో తేలని పిట్టలకూ 20 తీసేస్తే 180 జాతులు. 180 అనే అంకె అలా వచ్చింది, కాగితం చెప్పిన అంకె అది. ఇంకో వంద ఇరికించాలంటే అక్షరం చిన్నది చేయాలి. ఇంగ్లీషు పట్టికలు చూసి 7 పాయింట్లకు దిగితే తెలుగులో వత్తులు కింది వరస తలకట్లను తగులుకుంటాయి. తెలుగు 9 పాయింట్లకు తక్కువ వద్దు, వరసల మధ్య దూరం 13 పాయింట్లకు తగ్గొద్దు.

కాగితం 80 జీఎస్ఎమ్ అయితే చెమటకే నానిపోతుంది. 120 దాటిన మ్యాప్‌లితో బాగుంటుంది. ఆర్ట్ పేపర్ నిగనిగలాడుతుంది గానీ దాని మీద పెన్సిల్ పడదు, పెన్సిల్ తప్ప ఇంకేదీ మంచులో నమ్మడానికి లేదు. జెల్ పెన్ను ఒక్క చుక్కకు పారిపోతుంది. డీటీపీ షాపులో పాత ఫాంట్లలో కొట్టిస్తే అచ్చు అందంగానే వస్తుంది. తరవాత ఆ పేర్లను ఎక్సెల్‌లోకి తెస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి కొట్టించుకోవాలి. యూనికోడ్ ఫైలు నుంచే అచ్చు వేయమని ముందే చెప్పుకోండి.

నెలల పట్టీకి అక్షరాలు పెట్టకండి. జూ, జు, మా, మే చిన్న సైజులో ఒకటిలాగే ఉంటాయి. 1 నుంచి 12 అంకెలు వేయండి. ఈ పట్టీలోనే అసలు తప్పు జరుగుతుంది. మామూలుగా ఉన్న నెలకు నలుపు, లేని నెలకు తెలుపు వేస్తారు. ఈబర్డ్ బార్ చార్టులు చూసి వేస్తారు గనక నమ్మకంగా కూడా ఉంటారు. ఆ చార్టులో నెలను నాలుగు ముక్కలు చేస్తారు, ఏడాదికి 48. ఒక్కో ముక్కలో పూర్తి పట్టికలు ఎన్ని, వాటిలో ఈ పిట్ట ఉన్నవి ఎన్ని అనే నిష్పత్తే ఆ గీత ఎత్తు. రెండే పట్టికలు ఉండి ఒకదాంట్లో పిట్ట ఉంటే గీత 50 శాతానికి లేస్తుంది. మే, జూన్‌లలో మన ఎండకూ ఆ తరవాతి వానకూ జనం బయటికి రారు, గీతలు బోసిపోతాయి. ఆ నెలల్లో రానిది పిట్టలు కాదు, మనుషులు. కాబట్టి పట్టీలో రెండు గుర్తులు చాలవు, మూడు కావాలి. కనబడే నెలకు నల్ల గడి, వెతికినా కనబడని నెలకు తెల్ల గడి, సరిగా వెతకని నెలకు చిన్న గీత. ఆ నేలలో ఆ నెలకు అన్ని ఏళ్లవీ కలిపినా 20 పూర్తి పట్టికలు లేకపోతే గీతే వేయాలి. మొదటి అచ్చులో వేసవి అంతా గీతలే వస్తాయి, సిగ్గుపడనక్కర్లేదు. పొన్నంకి పిట్ట తొలకరి ముందు అడవిలోకి వచ్చి కూసేదీ, మృగశిర కార్తె పెట్టాక చాతకం వినబడేదీ ఆ గీతల నెలల్లోనే. ఎప్పుడు వెళ్లాలో ఆ గీతలే చెబుతాయి.

అన్నట్టు, ఈ పొన్నంకి పిట్ట ఇంగ్లీషులోనూ పిట్టే. శాస్త్రంలో దాని ప్రజాతి పేరు కూడా పిట్టా. మన తెలుగు మాటే అక్కడికి వెళ్లింది. పేర్ల విషయంలో మనం ఇంత కుంగిపోనక్కర్లేదని చెప్పడానికే ఈ ముచ్చట.

పేర్లకు నేను పాటించే పద్ధతి ఒకటే. జనం నోట్లో ఉన్న పేరు ఉంటే అదే. లేకపోతే ఇంగ్లీషు పేరునే తెలుగు లిపిలో రాయాలి. ‘ఆకుపచ్చని ఆకు కుట్టు పిట్ట’ వంటి గదిలో కూర్చుని చేసిన అనువాదాలు వద్దు, వాటిని ఇద్దరు మనుషులు ఒకేలా చెప్పరు. ఉన్న పేర్లకూ తిప్పలు ఉన్నాయి. తెల్లకొంగ అంటే కనీసం నాలుగు జాతులు. బర్రెల వెంట తిరిగేది, నల్ల కాళ్లకు పసుపు వేళ్లున్న చిన్నది, మధ్యస్థం, పొడుగు మెడది. కాగితంలో నాలుగింటినీ విడిగా వేసి, కింద ‘తెల్లకొంగ, ఏదో తేలలేదు’ అని ఇంకో వరస ఇవ్వాలి. నీటికాకులకూ అంతే. ఉల్లంకుల్లో స్నైప్‌లకు మరీ అవసరం. ఎగిరేటప్పుడు రెక్క వెనక అంచున తెల్లగీత కనబడితేనే కామన్ స్నైప్ అనొచ్చు, గడ్డిలో కూర్చున్నదాన్ని చూసి పేరు పెట్టడం సాహసం. ఈ తేలని వరసలు లేని పట్టికలో మనిషి ఏదో ఒకటి టిక్కు పెట్టేస్తాడు. తప్పుకు సగం కారణం మనిషి, సగం కారణం కాగితం.

ఒకే పిట్టకు ఊరికో పేరు ఉంటుంది. చెంబోతు ఒకచోట, జెముడుకాకి ఇంకోచోట. ఏట్రింత ఒకచోట, పసులపోలిగాడు ఇంకోచోట. అన్నీ అచ్చేస్తే చోటు చాలదు. ఒకటి వేసి, ‘మీ ఊరి పేరు’ అని ఆఖరి పలకలో ఐదారు ఖాళీ వరసలు ఇస్తే, ఏడాదికి పేర్ల సంపద వచ్చి చేరుతుంది. ఇంగ్లీషు, శాస్త్రీయ నామాలు స్థిరమని అనుకోకండి, అవి ఇంకా తొందరగా మారతాయి. కాటిల్ ఎగ్రెట్, బార్న్ ఔల్ ఈమధ్యే రెండుగానూ మూడుగానూ చీలి, మనవి ఈస్టర్న్ అయ్యాయి. 2025లో అవిలిస్ట్ అనే ఉమ్మడి ప్రపంచ పట్టిక వచ్చాక ఇంకొన్ని సర్దుకున్నాయి. ఏ పేర్ల పట్టికను, ఏ ఏడాదిది వాడామో కాగితం అడుగున ఒక వరస రాస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

వరస క్రమం మీద నిపుణులతో నాకు పేచీ ఉంది. వర్గీకరణ క్రమంలో బాతులు మొదట్లో, బొల్లికోళ్లు కొన్ని కుటుంబాల తరవాత, కొంగలు ఇంకా తరవాత వస్తాయి. వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఈ మూడూ ఒకే చూపులో ఉంటాయి, కాగితం మాత్రం మూడుసార్లు తిప్పాలి. తిప్పే లోపల డేగ వెళ్లిపోతుంది. అకారాది క్రమం ఇంకా ఘోరం. చిన్న, పెద్ద, నల్ల, తెల్ల అనే నాలుగు మాటల కింద సగం పట్టిక కుప్ప పడుతుంది. పొలంలో వాడే కాగితంలో నేలను బట్టే వరస ఉండాలి: లోనీళ్లు, శిఖం, పొలం, చెట్లు, ఆకాశం. రాత్రి పిట్టలు విడిగా ఒక మూల. పగటి నడకలో పైడికంటి గడి ఖాళీగా ఉంటే దానికి ఏ అర్థమూ లేదు. వర్గీకరణ క్రమం ఆధార పట్టికకు దాచుకోండి.

ఆధార పట్టిక అంటే రెండోది. అసలు పెద్దది అదే, అచ్చు వేయనక్కర్లేదు, ఎక్సెల్ ఫైలు చాలు. ప్రతి జాతికీ మొదటి రికార్డు, చివరి రికార్డు, రుజువు ఏ రకం అని మూడు గడులు ఉంటాయి. ఫొటో లేదా రికార్డింగ్ ఉన్నవి ఒక తరగతి, వివరంగా రాసిన వర్ణన ఉన్నవి రెండో తరగతి, ఉత్త పేరే ఉన్నవి మూడోది. మూడో తరగతి వాటిని చెరిపేయకండి, పొలం కాగితంలోకి మాత్రం రానివ్వకండి. గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ చెప్పిందంటే అదీ మూడో తరగతే. తాడ్వాయి అడవిలో రాకెట్ తోక డ్రోంగో పక్క పిట్టల గొంతులన్నీ అనుకరిస్తుంది, యాప్ వాటన్నిటినీ లెక్కేసుకుంటుంది. దసరాకు పంజరంలో తెచ్చి చూపించే పాలపిట్ట అసలు లెక్కలోకే రాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలా పట్టడమే నేరం.

పాత రికార్డులను ఏం చేయాలి? పందొమ్మిదో శతాబ్దంలో బ్లాన్‌ఫోర్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త సిరొంచ, భద్రాచలం దగ్గర కలివికోడిని నమోదు చేశాడు. ఆ తరవాత అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప వైపు మళ్లీ దొరికింది, గోదావరి వైపు కాదు. గోదావరి పట్టికలో దాన్ని వేస్తే అంకె ఒకటి పెరుగుతుంది, వేయకపోతే చరిత్ర పోతుంది. టిక్కు గడి లేకుండా, ‘పాత రికార్డులు’ అనే వరసలో సంవత్సరంతో సహా ఆధార పట్టికలో వేయడం సబబు. సలీం అలీ 1930ల మొదట్లో నిజాం రాజ్యంలో చేసిన సర్వేలోని చూపులకూ ఇదే స్థానం. రాబందుల సంగతి వేరు. ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలో కనబడేవి, పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వాటిని తుడిచిపెట్టింది. 2006లో ఆ వాడకాన్ని నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా అడవుల్లో ఒక కొండచరియ మీద గూళ్లు ఉన్నట్టు తేలింది. అలాంటి వాటికి ‘చివరిసారి’ గడిలో సంవత్సరం ఉండాలి, చోటు పేరు దగ్గర మాత్రం జిల్లా దాటి వివరం వద్దు.

వాడేటప్పుడు పాటించాల్సినవి కొన్నే. ఒక పట్టిక 15 నిమిషాలకు తక్కువ ఉండకూడదు, గంట దాటకపోతే మేలు. 8 కిలోమీటర్లు మించితే అది పట్టిక కాదు, ప్రయాణం. నర్సంపేట నుంచి పాకాల వెళ్తూ అడవి దారిలో ఒకటి, కట్ట మీద ఒకటి అని విడదీయాలి. కలిపేస్తే వడ్రంగి పిట్ట నీళ్ల మీద తేలినట్టు ఉంటుంది. బాతుల గుంపును చూడగానే ‘వేలల్లో’ అనకండి. పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగాలో ఉన్నాయో చూసుకుని, గుంపులో అలాంటి జాగాలు ఎన్నో లెక్కించండి. ఇంటికెళ్లి గుర్తు తెచ్చుకుని రాసింది అంకెల్లో ఎప్పుడూ పదులుగా, వందలుగానే ఉంటుంది, చూడగానే దొరికిపోతుంది.

‘సామాన్యం’, ‘అరుదు’ అనే మాటలకు కూడా కొలత పెట్టుకోవాలి. సరైన నేలలో, సరైన నెలలో 10 సార్లు వెళ్తే 8 లేదా అంతకు మించి కనబడితే తప్పనిసరి, 4 నుంచి 7 అయితే తరచు, 1 నుంచి 3 అయితే అప్పుడప్పుడు. పదింటికి ఒకటి కూడా కాకపోతే అది పొలం కాగితంలో ఉండనక్కర్లేదు. ఊరి పేర్లవి కాక చివర ఇంకొన్ని ఖాళీ వరసలు ఉండేది అలాంటి వాటి కోసమే. చేత్తో పేరు రాయాల్సి వస్తే మనిషి ఒకసారి ఆగి ఆలోచిస్తాడు. అచ్చులో ఉంటే చెయ్యి దానంతట అదే టిక్కు పెడుతుంది.

కొత్త అచ్చు ఏటా మే నెలలో వేయించండి. అప్పటికి వలస బాతులు వెళ్లిపోయి ఉంటాయి, చలికాలం కాగితాలన్నీ చేతికి వచ్చి ఉంటాయి. ముందు గీతలు ఎన్ని గడులయ్యాయో చూడండి. వరసగా మూడేళ్లు తరచు స్థాయికి ఎక్కిన పిట్టను లోపలికి తీసుకోండి, మూడేళ్లు కనబడనిదాన్ని ఆధార పట్టికకు పంపండి. గోదావరి కాగితానికి మాత్రం మూడేళ్లు చాలవు. 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక ఎగువన ఇసుక మేటలు మునిగాయి, 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక మళ్లీ తేలాయి. ఇసుక మీద గుడ్లు పెట్టే రివర్ టర్న్ గడిని ఆ మధ్య ఖాళీని చూసి తీసేసి ఉంటే, ఆ తరవాతి వేసవి లెక్కకు చోటే ఉండేది కాదు. అక్కడ ఐదేళ్లు ఆగండి, ప్రతి గడి పక్కన ఆ ఏడాది ఇసుక తేలిందో లేదో రాసి ఉంచండి.